రిషికేశ్‌లో తెడ్డు, హిమాచల్ బీర్‌లో గాలి: ఎక్కడ ఎంత పెట్టొచ్చు

రిషికేశ్ తపోవన్ రోడ్డు మీద ప్రతి రెండో షాపు ముందూ రాఫ్టింగ్ బోర్డే. అందరిదీ అదే గంగ, అవే రబ్బరు పడవలు. రేట్లు మాత్రం షాపుకో రకం. మా బావగారు రైతుబజార్లో వంకాయలు బేరమాడినట్టు నాలుగు షాపులు తిరిగి మనిషికి రెండొందలు తగ్గించారు. అది మంచి బేరమా కాదా అనేది తర్వాత చెప్తాను.

ముందు తెలుసుకోవాల్సింది రేటు కాదు, పడవ ఎక్కడ ఎక్కిస్తారు అన్నది. దిగేది దాదాపు అందరూ రిషికేశ్ దగ్గరే. బ్రహ్మపురిలో ఎక్కితే తొమ్మిది పది కిలోమీటర్లు, శివపురిలో పదహారు, ఇంకా పైన మెరైన్ డ్రైవ్ నుంచి పాతిక దాకా, కౌడియాల నుంచి ముప్పై అయిదు. దూరం పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది, రాపిడ్లూ (నది రాళ్ల మీద ఉరకలేసే చోట్లు) పెరుగుతాయి. బ్రహ్మపురి ప్యాకేజీ చవక, కానీ ఒళ్లు తడిసి సరదా మొదలయ్యేసరికి ఒడ్డు వచ్చేస్తుంది. కౌడియాల వైపు 'ద వాల్' అనే రాపిడ్ ఉంది. పేరుకు తగ్గట్టే నీళ్లు గోడలా లేస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది అక్కర్లేదు. మేం శివపురి తీసుకున్నాం, మీరు అడిగినా అదే చెప్తాను. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే రాపిడ్లు రెండూ ఈ ముక్కలోనే వస్తాయి. ఈత రాని మనిషి కూడా కూర్చోగలిగేంత ప్రశాంతమైన నీళ్లు మధ్యమధ్యలో ఉంటాయి.

మా అక్కకి ఈత రాదు. "నేను ఒడ్డున కూర్చుంటాలే, మీరు వెళ్లి రండి" అని ముందురోజు రాత్రి నుంచీ ఒకటే టెన్షన్. ఆమెను పడవ ఎక్కించింది మేం కాదు, గైడ్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, గఢ్వాల్ కుర్రాడు. పడవ దగ్గర నిలబెట్టి పావుగంట పైనే చెప్పాడు. తెడ్డు చివర టీ ఆకారంలో ఉండే పిడిని ఎప్పుడూ వదలకూడదు, వదిలితే అది పక్కవాడి పళ్లు రాలగొడుతుంది. పాదాలు పడవలోని అడ్డదిండు కిందకి దూర్చి కూర్చోవాలి. నీళ్లలో పడితే వెల్లకిలా తిరిగి, కాళ్లు నీరు పోయే వైపు చాపాలి, లేచి నిలబడకూడదు. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి తోసేస్తుందని కారణం కూడా చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరి లైఫ్ జాకెట్ భుజాలు పట్టుకుని పైకి గుంజి చూశాడు. అక్కది చెవుల దాకా లేచింది. మార్చి చిన్నది ఇచ్చి, పట్టీలు తానే బిగించాడు. ముందు వరసలో కూర్చోబోతున్న మా మేనల్లుణ్ని వెనక్కి పంపేశాడు. ముందున్న ఇద్దరి మీదే అల మొదట పడుతుందట, వాళ్లిద్దరూ తెడ్డు ఆపితే పడవ పక్కకి తిరుగుతుందట.

పక్కనే ఇంకో బృందం. సెల్ఫీలు దిగుతుండగానే వాళ్ల గైడ్ రెండు నిమిషాల్లో ముగించేశాడు. జాకెట్లు వాళ్లే తగిలించుకున్నారు, ఒకాయన పొట్ట దగ్గర బకిల్ పెట్టుకోనే లేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన రోజు గుర్తున్న తెలుగువాళ్లకి ఆ వేలాడే పట్టీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పాపికొండల పడవైనా గంగలో రాఫ్ట్ అయినా జాకెట్ వేసుకోవడం ఒక ఎత్తు, బిగించుకోవడం ఒక ఎత్తు.

అందుకే బేరం మాటకి వస్తే, రెండొందలు తగ్గించుకోవడం తప్పు కాదు గానీ ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పడవలో ఎంతమందిని ఎక్కిస్తారు? పక్కన కయాక్‌లో, అంటే ఒక్కరే నడిపే సన్నటి పడవలో, ఒక మనిషి వస్తాడా? ఎవరైనా నీళ్లలో పడితే ముందు చేరుకునేది ఆ కయాక్ మనిషే. గైడ్ దగ్గర విసరడానికి తాడు సంచి ఉందా? ఈ మూడింటికీ నీళ్లు నమలకుండా జవాబు చెప్పిన షాపులో పూర్తి రేటు ఇచ్చినా నష్టం లేదు.

నీళ్లలోకి వచ్చాక మాటలు తక్కువ. 'ఫార్వర్డ్', 'స్టాప్', 'గెట్ డౌన్' అంటే చాలు, అందరూ ఒకేసారి కదలాలి. రోలర్ కోస్టర్‌లో పడవ ముక్కు పైకి లేచి, మళ్లీ గుంటలోకి దిగి, మొహం మీద నీళ్లు కొట్టినప్పుడు ఊపిరి ఆగుతుంది. భయం వల్ల కాదు, చలి వల్ల. హిమానీ నదుల నుంచి వచ్చే నీళ్లు, నవంబరు ఎండలో కూడా ఎముకల్లోకి దిగుతాయి. గోల్ఫ్ కోర్స్ దాటాక మా అక్క అందరికంటే గట్టిగా అరిచింది, "ఇంకోటి లేదా?" అని. బావగారు మాత్రం తెడ్డు నీళ్లకి తగలకుండా గాల్లోనే వేశారని గైడ్ ఆటపట్టించాడు. ప్రశాంతమైన చోట తాడు పట్టుకుని నీళ్లలో దిగనిస్తారు. దిగండి, ఆ అయిదు నిమిషాలూ బాగుంటాయి. దారిలో ఒడ్డున మ్యాగీ అమ్మేచోట ఆపుతారు. ధర ఎక్కువే అయినా, ఆ చలిలో వేడి మ్యాగీ ముందు ఎవరూ బేరమాడరు.

కెమెరా సంగతి ముందే తేల్చుకోండి. గైడ్ హెల్మెట్ మీది కెమెరాతో తీసిన వీడియోకి విడిగా డబ్బు అడుగుతారు, ప్యాకేజీలో ఉందని షాపులో చెప్పినా సరే. మా దగ్గర దిగాక అడిగారు. వీడియోలో సగం గైడ్ బొటనవేలే ఉంది.

బస విషయంలో మేం 'నది ఒడ్డున క్యాంప్' అన్న ప్రకటన చూసి ఒక రాత్రి బుక్ చేశాం. నది కనిపించింది, కానీ బాగా కింద. మధ్యలో హైవే, రాత్రంతా లారీల హారన్లు. గుడారంలో మంచం, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు బకెట్ లెక్కన. చలిమంట దగ్గర స్పీకర్ పదకొండు దాకా ఆగలేదు. కౌడియాల నుంచి రిషికేశ్ దాకా గంగ ఇసుక మీద క్యాంపులపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది. నది ఒడ్డున అని ఎవరైనా అంటే నీళ్లకి ఎంత దూరమో, రోడ్డుకి ఏ వైపో అడిగి మరీ డబ్బు కట్టండి. మిగతా రాత్రులు తపోవన్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. సగం ఖర్చు, రెట్టింపు నిద్ర. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి రిషికేశ్‌లో టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమం ఉందని గుర్తుచేస్తున్నా. కుర్రకారు నది మీద ఉంటే పెద్దలు అక్కడ వేంకటేశ్వరుణ్ని చూసుకోవచ్చు. ఊళ్లో మద్యం, మాంసం దొరకవు. దీనికి బాధపడేవాళ్లు మా బృందంలో ఒకరున్నారు, పేరు చెప్పను.

కాళ్లకి సాగే తాడు కట్టుకుని దూకే బంజీ జంప్ రిషికేశ్ దగ్గరి మోహన్‌చట్టిలో ఉంది, ఎత్తు 83 మీటర్లు. మా మేనల్లుడు దూకాడు, మేం చూశాం. అక్కడ బరువు రెండుసార్లు చూసి చేతి మీద రాసే పద్ధతి నచ్చింది. డబ్బు బాగానే అవుతుంది, పనంతా క్షణాల్లో అయిపోతుంది.

టిహరీ సరస్సు కోసం ఒక రోజు కేటాయించడం నా లెక్కలో దండగ. డ్యామ్ 260 మీటర్ల ఎత్తు, దాని వెనక పరుచుకున్న నీలినీళ్లు, కింద మునిగిపోయిన పాత టిహరీ ఊరు, ఇవన్నీ తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. కానీ కోటి కాలనీ దగ్గర జెట్ స్కీ, స్పీడ్ బోట్ అంటే ఏ సరస్సులోనైనా దొరికేవే. దాని కోసం రాను పోను నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు అక్కర్లేదు. ఎటూ ఉత్తరాఖండ్‌లోని చంబా వైపు వెళ్తుంటే మాత్రం ఆగండి.

బీర్ వేరు. హిమాచల్‌లో కాంగ్రా జిల్లాలో, ధౌలాధార్ కొండల పాదాల దగ్గర చిన్న ఊరు. పైన 14 కిలోమీటర్ల దూరంలో బిల్లింగ్, దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి పారాగ్లైడింగ్, అంటే గుడ్డ రెక్కకి వేలాడుతూ ఎగిరి, వెయ్యి మీటర్ల దిగువన బీర్ పొలాల పక్క మైదానంలో దిగుతారు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు ఇక్కడే జరిగాయి. మనలాంటివాళ్లు పైలట్ ఒళ్లో కూర్చున్నట్టు టాండెమ్‌లో ఎగరాలి.

జీపు పైకి ఎక్కించాక మా పైలట్ గంటకు పైగా కూర్చోబెట్టాడు. గాలి వెనక నుంచి వస్తోందట. పక్కన ఇద్దరు ముగ్గురు ఎగిరిపోతుంటే బావగారికి ఓపిక నశించింది. "మనం మాత్రం ఎందుకు ఆగాలి, అడగరా" అని నన్ను పోరు. పైలట్ టీ తాగుతూ గడ్డిపోచ గాల్లోకి వదిలి చూపించాడు, అంతే. ఆ మనిషి మీద నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. కాదు, ఇప్పుడు కాదు అని కస్టమర్ మొహం మీద చెప్పగలిగినవాడికి నేను అయిదొందలు ఎక్కువ ఇవ్వడానికైనా సిద్ధం. నదిలో మా గైడ్‌దీ ఇదే పద్ధతి.

గాలి మారాక అంతా చకచకా. పరుగెత్తమంటే పరుగెత్తాలి, కాళ్ల కింద నేల పోయాక కూడా. మధ్యలో కూర్చోబోతే రెక్క కూలుతుంది, అదొక్కటే జాగ్రత్త. పైకి వెళ్లాక నేల మీది వేడికి లేచే గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఇంకా ఎత్తుకి వెళ్తారు. ఆ తిరుగుడుకి కొందరికి కడుపులో తిప్పుతుంది. టిఫిన్ లైట్‌గా తినండి, పూరీలు వద్దు. పొద్దున్నే ఎగిరితే గాలి మెత్తగా ఉండి తొందరగా దిగిపోతారు, మధ్యాహ్నం ఎక్కువసేపు ఉండొచ్చు కానీ కుదుపులుంటాయి. భయస్తులు పొద్దున స్లాట్ అడగండి. పైలట్ లైసెన్స్, సీటు కింద రిజర్వ్ పారాచూట్ ఉన్నదీ చూపించమనండి. మొహమాటపడాల్సిన పనేం లేదు.

బీర్‌లో బస చవక. టిబెటన్ కాలనీలో మొనాస్టరీల మధ్య హోమ్‌స్టేలు ఉన్నాయి. మేం ఉన్న ఇంటావిడ పొద్దున్నే ఆలూ పరాఠాలు, పెరుగు పెట్టేది. సాయంత్రాలు తుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూప్. మూడో రోజుకి బావగారు ఆవకాయ సీసా బయటికి తీశారు. ఇంటావిడ ఒక చెంచా రుచి చూసి, నీళ్ల గ్లాసు కోసం లోపలికి పరుగెత్తింది.

వర్షాకాలం రెండు చోట్లా మూత. గంగలో జులై, ఆగస్టు రాఫ్టింగ్ ఉండదు, బీర్‌లో సెప్టెంబరు మధ్య దాకా ఎగరనివ్వరు. రెండూ కలిపి చూడాలంటే అక్టోబరు, నవంబరు. రిషికేశ్ నుంచి ఢిల్లీ వచ్చి, అక్కడి నుంచి బీర్‌కి రాత్రి బస్సు పట్టుకోవచ్చు, పన్నెండు గంటల పైమాటే. తెల్లవారుజామున మలుపులు మొదలవుతాయి. వాంతులయ్యేవాళ్లకి వెనక సీట్లు ఇస్తే ఒప్పుకోకండి.