షుగర్ లేని మా వారికి ఐదేళ్లు షుగర్ మాత్ర: స్టాంపీడ్ ట్రయల్‌తో మా అనుభవం

ఈమధ్య మనవాళ్లు ముగ్గురు ఫోన్ చేసి, "అక్కా, ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ట్రయల్‌లో చేరమంటున్నారు, ఒప్పుకోవచ్చా?" అని అడిగారు. అందరికీ ఒకటే చెప్తున్నాను కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను. మాది తెనాలి. ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి ముప్పై నాలుగేళ్లయింది.

2019 జనవరిలో మా వారికి జబ్బు బయటపడింది. ప్రొస్టేట్ జబ్బుకి చేసే రక్తపరీక్ష పీఎస్ఏలో 64 వచ్చింది. తుంటి ఎముకలో ఒకచోట, నడుం పూసలో ఒకచోట అప్పటికే పాకింది. ఇన్నేళ్లు ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసిన మనిషి, క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేమీ వినలేకపోయారు. ఆ గదిలో నా వైపు తిరిగి తెలుగులో, "డాక్టరమ్మ ఏమంటోంది?" అని అడిగారు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

తర్వాత వారం రీసెర్చ్ నర్సు స్టాంపీడ్ ట్రయల్ గురించి ఒక కాగితాల కట్ట ఇచ్చింది. సంతకం అక్కడికక్కడ అడగలేదు, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పాను. ర్యాండమైజేషన్ దగ్గర ఆగిపోయాను. చివరికి, "కంప్యూటర్ చీటీ తీస్తుందండీ. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి దాంతోపాటు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర" అన్నాను. "అంటే నా మీద ప్రయోగమా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ వెళ్లినప్పుడు అదే మాట నర్సునడిగితే నలభై నిమిషాలు కూర్చుని చెప్పింది. చీటీ ఏది వచ్చినా అందాల్సిన వైద్యం తగ్గదు. ఉత్తుత్తి మాత్రలు ఉండవు. ఏ రోజైనా మానేయొచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు. అప్పుడు సంతకం పెట్టారు.

ఈ స్టాంపీడ్ 2005లో మొదలైంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్స్ విభాగం నడిపింది, పెద్ద డాక్టరు నిక్ జేమ్స్. బ్రిటన్‌లో వందకు పైగా ఆసుపత్రులు, స్విట్జర్లాండ్‌లో కొన్ని కలిసి పనిచేశాయి. 2023లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసరికి దాదాపు 12 వేల మంది చేరారు. నాకు బాగా నచ్చింది దాని పద్ధతి. మా నాన్నగారు ఒక మడిలో పాత రకం నారు ఉంచి, పక్కన మూడు నాలుగు కొత్త రకాలు వేసి చూసేవారు. బాగాలేనిది మధ్యలోనే తీసేసి ఆ జాగాలో ఇంకోటి వేసేవారు. ఇదీ అచ్చం అంతే. సెలికాక్సిబ్ అనే నొప్పుల మాత్ర పనికిరాలేదు, పక్కన పెట్టేశారు. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల మందు కూడా ఆయుష్షు పెంచలేదు. డోసిటాక్సెల్ అనే కీమో మందు నిలిచింది. హార్మోన్లను అణిచే అబిరాటెరోన్ మాత్ర అయితే మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లను నూటికి 76 నుంచి 83కి చేర్చింది, అది 2017 సంగతి.

మాకు నేరుగా అందిన మేలు ఇంకోటి ఉంది. ఎముకలకు పాకిన జబ్బుకి ప్రొస్టేట్ మీద రేడియేషన్ ఇస్తే లాభమా అని ఇదే ట్రయల్‌లో 2061 మంది మీద చూశారు. అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. కానీ కొద్ది చోట్లకే పాకినవాళ్లలో మూడేళ్లకు బతికున్నవాళ్లు 73 నుంచి 81 శాతం అయ్యారు. ఆ ఫలితం 2018 అక్టోబరులో వచ్చింది, మా వారి జబ్బు మూడు నెలల తర్వాత బయటపడింది. వారానికొకటి చొప్పున ఆరు మంగళవారాలు రేడియేషన్ ఇచ్చారు. ఆ 2061 మందీ ఎవరో మాకు తెలీదు. వాళ్లు సంతకం పెట్టకపోతే ఆ ఆరు మంగళవారాలు మాకు లేవు. "అయితే నా వంతు నేను వేసుకుంటాను" అన్నారు మా వారు.

చీటీ మాత్ర వైపే వచ్చింది. మెట్‌ఫార్మిన్ 850 మిల్లీగ్రాములు, మొదట ఒక పూట, తర్వాత రెండు పూటలా, తిండితో. డబ్బా మూత తీస్తే చేపల వాసన. నీచు వండని ఇల్లు మాది, ఆ డబ్బాని పూజ అలమరకి దూరంగా కిటికీలో పెట్టాను. మొదటి నెల విరేచనాలతో అల్లాడారు. ఉప్మాతో వేసుకుంటే పడలేదు, పెరుగన్నంతో పడింది.

చిరాకు పెట్టినవీ ఉన్నాయి. ఆసుపత్రి పేరు రాయను. నర్సు మారినప్పుడల్లా మా కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ఒకసారి రక్తం తీసిన గొట్టం ఎక్కడో పోయిందని మళ్లీ పిలిచారు, వర్షంలో రెండు బస్సులు మారి వెళ్లాం. ఈ అనుభవానికి ఐదు మార్కులకి నాలుగే ఇస్తున్నది అందుకే. మిగతా అంతా, ముఖ్యంగా ఫోన్ చేస్తే మనిషి పలకడం, ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మాత్ర ఫలితం 2024 సెప్టెంబరులో బార్సిలోనాలో క్యాన్సర్ డాక్టర్ల సభలో చెప్పారు. 1874 మంది. మాత్ర లేనివాళ్లలో సగం మంది 61.8 నెలలు దాటి బతికారు, వేసుకున్నవాళ్లలో సగం మంది 67.4 నెలలు దాటారు. ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కాబట్టి ఆయుష్షు పెంచుతుందని చెప్పలేం అన్నారు. ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల వచ్చే బరువు, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రం తగ్గాయట. నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి దాచకుండా ఇదే చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి, మా వారు మాత్రం తల ఊపి, "తేలింది కదా" అన్నారు. ఇప్పుడు మాత్ర మానేశారు. పీఎస్ఏ 0.1 దగ్గరుంది, ఇంజెక్షన్ మాత్రం పన్నెండు వారాలకొకటి నడుస్తోంది. స్టాంపీడ్ 2 కూడా మొదలైంది, ఈసారి వేరే మందులు, వేరే రకం రేడియేషన్.

మొన్న తెనాలి నుంచి మా బావగారు వీడియో కాల్ చేశారు. "ఏమ్మా, మా స్నేహితుడికీ ఇదే జబ్బు. షుగర్ మాత్ర వేసుకుంటే తగ్గుతుందని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, తెప్పించమంటావా?" అన్నారు. "జబ్బుకైతే వద్దు బావగారూ, ఆ సంగతి మేం చూసేశాం. ముందు ఎముకల స్కాన్‌లో ఎన్ని చోట్ల ఉందన్నారో కనుక్కోండి. కొద్ది చోట్లే అయితే రేడియేషన్ సంగతి డాక్టర్ని అడగమనండి" అన్నాను. పెన్ను తెచ్చుకుని రాసుకున్నారు.