ఎండాకాలానికి ఫౌండేషన్ బదులు టింటెడ్ సన్‌స్క్రీన్: కొన్నేళ్ళ వాడకం తర్వాత

శివరాత్రి వెళ్ళిందంటే నా మేకప్ డబ్బాలో మారేది ముఖ్యంగా ఒక్కటే, ఫౌండేషన్. దాన్ని బీరువాలో పెట్టేసి, వానలు పడేదాకా టింటెడ్ సన్‌స్క్రీన్, అంటే చర్మపు రంగు కలిపిన సన్‌స్క్రీన్ వాడతాను. లిప్‌స్టిక్, కాటుక, ఐలైనర్ మామూలే. కొన్ని వేసవుల్లో వేరువేరు కంపెనీలవి వాడి చూశాను కాబట్టి ఒక బ్రాండ్ అని కాకుండా ఈ రకం గురించే రాస్తున్నాను.

నాది జిడ్డు చర్మం, చామనఛాయ. ఉండేది విజయవాడ. ముఖానికి చున్నీ కట్టుకుని స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తాను. ఏప్రిల్ వస్తే మాకు ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత కూడా. ఫౌండేషన్ వేసుకుంటే బెంజ్ సర్కిల్ దాటకముందే పైపెదవి మీద, ముక్కు పక్కన చెమట పట్టి విడిపోతుంది. ఆఫీసుకెళ్ళి చున్నీ విప్పితే ముక్కు ఆనిన చోట గోధుమరంగు మరక, ముఖం మీద సరిగ్గా అక్కడే ఖాళీ. టింటెడ్ సన్‌స్క్రీన్ అసలు అంటదని చెప్పను. కానీ రాసి పది నిమిషాలు ఆరనిచ్చి, పైన కొంచెం లూజ్ పౌడర్ అద్దితే అంటేది చాలా తక్కువ. పొర పల్చన కాబట్టి అక్కడక్కడా పోయినా తెలియదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న మామూలు సన్‌స్క్రీన్ రాస్తే మన రంగు మీద విబూది పూసినట్టు తెల్లగా తేలుతుంది. టింటెడ్‌లో రంగు కోసం ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు, ఆ తెలుపు కనబడదు. పైగా మంగు ఉన్నవాళ్ళకి ఇది చాలా మేలు. యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా మంగును ముదురు చేస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగును పెద్దగా ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కొంత ఆపుతుంది. నా బుగ్గల మీద మంగు పూర్తిగా పోలేదు గానీ, వేసవి అయ్యేసరికి మునుపటిలా నల్లబడడం లేదు. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని వదలను.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది షేడ్. చాలావాటిలో ఒకటో రెండో రంగులే ఉంటాయి, అవీ తెల్లటివాళ్ళకి సరిపోయేవే. కొనేముందు దవడ మీద రాసుకుని, షాపు లైట్ల కింద కాకుండా బయటికొచ్చి పగటి వెలుగులో చూడండి. మెడతో కలిస్తేనే తీసుకోండి. రెండోది మోతాదు. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకోవాలి. రంగు ఎక్కువవుతుందని చిటికెడు రాస్తే డబ్బా మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఇచ్చే రక్షణ కొలత) 50 అని ఉన్నా మనకు అంత రాదు. నేను సగం రాసి, ఆరాక మిగతా సగం రాస్తాను. అలా అయితే ఉండలు కట్టదు. ఇంత వాడితే 50 గ్రాముల ట్యూబు నెలన్నర మించి రాదు, ఖర్చు ముందే చూసుకోండి.

ఎండలో తిరిగేవాళ్ళు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. చెమట మీదే రాస్తే మాత్రం చారలు పడతాయి. ముందు టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. పౌడర్ కూడా అంతే, పఫ్‌తో నొక్కి తీయాలి, అదీ ముక్కు, నుదురు, గడ్డం మీద చాలు. ముఖమంతా వేస్తే మధ్యాహ్నానికి అట్టలు కడుతుంది. కాటుక పెట్టుకునే ముందు కంటి కింద కాస్త పౌడర్ అద్దితే చెమటకి కిందికి జారదు. వాటర్‌ప్రూఫ్ కాటుక రాత్రి సబ్బుతో వదలదు, దూదికి కొబ్బరినూనె రాసి తుడిస్తే వచ్చేస్తుంది.

పొడి చర్మం వాళ్ళు పౌడర్ మానేయండి, లోపల మాయిశ్చరైజర్ వేసుకోండి. మచ్చలు పూర్తిగా కప్పాలనుకునేవాళ్ళకి ఇది చాలదు, ఆ మచ్చ వరకు కన్సీలర్ పెట్టుకోవాలి. వైశాఖంలో రాత్రి పెళ్ళిళ్ళకి మాత్రం నేను ఫౌండేషనే వేస్తాను. ఫొటోల్లో దాని నిండుదనం దీనికి రాదు.

శ్రావణంలో మళ్ళీ ఫౌండేషన్ తీసేముందు వాసన చూడండి. దాని మీద మూత తీసిన చిన్న డబ్బా బొమ్మ ఉంటుంది, అందులో 12ఎం అని ఉంటే తెరిచాక ఏడాది వరకే అని. మా ఊరి ఎండకి బీరువాలో ఉన్నా నూనె తేలిపోతుంది. ఊపినా ఆ నూనె కలవకపోతే, లేదా వాసన మారితే పారేసి కొత్తది కొనుక్కోండి.