గెంతే డీఎన్ఏ వేట: పాత నమూనాలతో పోల్చడమా, కొత్తగా వెతకడమా?

మానవ జీనోమ్‌లో (మొత్తం డీఎన్ఏలో) దాదాపు 45 శాతం, మొక్కజొన్నలో సుమారు 85 శాతం చోటు మారే మూలకాలు (ఒకచోటి నుంచి మరోచోటికి గెంతే డీఎన్ఏ ముక్కలు), వాటి శిథిలాలే. వాటిని పట్టుకోవడానికి రెండు దారులు: ఇప్పటికే తెలిసిన మూలకాల నమూనాలతో జీనోమ్‌ను పోల్చే రిపీట్‌మాస్కర్, జీనోమ్‌లో పదేపదే కనిపించే వరుసల నుంచి నమూనాలనే కొత్తగా కట్టే రిపీట్‌మోడలర్.

ఖర్చు: రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. పోల్చడానికి కావలసిన నమూనాల భాండాగారాల్లో డీఫ్యామ్ కూడా ఉచితం. రెప్‌బేస్ అనే మరో భాండాగారానికి మాత్రం చందా కట్టాలి.

శ్రమ: పోల్చడం త్వరగా తేలుతుంది. కొత్తగా వెతకడానికి పెద్ద జీనోమ్ అయితే రోజులు పట్టవచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: ముక్కలైన నమూనాలను కలపాలి, తెలిసిన ఏ మూలకాల తెగకూ చెందక మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాలి. ఈ పని ఎగ్గొట్టిన జాబితాను నేను నమ్మను.

ప్రమాదం: నమూనా లేనిది మొదటి పద్ధతికి కనిపించదు. రెండోదానికి అనుమానం ఎక్కువ. వాసన గ్రాహకాల వంటి, అనేక ప్రతులున్న అసలైన జన్యువులనూ గెంతే మూలకాల లెక్కలో వేయగలదు. వాటిని అలాగే కప్పేస్తే (తర్వాతి విశ్లేషణకు కనిపించకుండా మూసేస్తే) జన్యువులే మాయం! పైగా కొద్ది ప్రతులే ఉన్న మూలకాలు దాని కన్నుగప్పుతాయి.

మనిషి, ఎలుక, పండు ఈగలకు మొదటిది చాలు. ఇంతవరకు ఎవరూ ముట్టని జీవి అయితే రెండోదానితో నమూనాలు కట్టి, సరిచూసి, మొదటిదానికి అందించాలి.