అమ్మమ్మ కుట్టుమిషను పునరుద్ధరణ: ఇనుము పని మెచ్చదగినది, చెక్క పని కాదు

అమ్మమ్మకు ఆమె తల్లి నుంచి, ఆ తరువాత అమ్మకు, ఇప్పుడు నాకు సంక్రమించిన సింగర్ తొక్కుడు మిషనును ముందుగదిలో అలంకారంగా నిలుపుకోవాలనే ఉద్దేశంతో, పాత వస్తువులను బాగుచేసే ఒక వర్క్‌షాపుకు అప్పగించాను. రెండు నెలల తరువాత అది తిరిగి వచ్చింది. అందులో ఒక భాగం నేను ఆశించినదానికన్నా బాగా కుదిరింది. మరొక భాగంలో తిరిగి తెచ్చుకోలేనిది ఒకటి పోయింది. ఇలాంటి మిషను ఇంట్లో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రెండింటినీ వివరంగా రాస్తున్నాను.

వారు మొదట అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "చూడడానికే అయినా చక్రం తిరగాలా?" అని అడిగారు. తిరగాలన్నాను. అలంకారానికే కదా అని లోపలి భాగాలను బిగుసుకుపోయిన స్థితిలోనే వదిలి, పైపైన మెరుగుపెట్టి ఇచ్చేవారు చాలామంది ఉంటారు. కదలని మిషను నా దృష్టిలో మిషను కాదు. ఆ తరువాత వారు సీరియల్ నంబరు చదివి చూపించారు. 1900 నుంచి సింగర్ సంస్థ నంబరుకు ముందు అక్షరాలు చేర్చింది. వాటిని బట్టి అది ఏ కర్మాగారంలో, సుమారుగా ఏ కాలంలో తయారైందో తెలుసుకోవచ్చు. మా మిషను మీద వై అనే అక్షరం ఉంది కనుక అది స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైందని తేలింది. 1980లో మూతపడిన ఆ కర్మాగారం పేరు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

మెకానిక్కులు హెడ్డు అని పిలిచే పైభాగం మీద వారు చూపిన ఓర్పును ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి వాడకుండా ఉన్న మిషను బిగుసుకుపోవడానికి ఎక్కువసార్లు కారణం తుప్పు కాదు, పాత నూనె ఎండి జిగురుగా గట్టిపడడం. అందువల్ల చక్రాన్ని బలవంతంగా తిప్పకుండా, కదిలే ప్రతి కీలు దగ్గరా కొద్దికొద్దిగా కిరోసిన్ వేసి, నానబెట్టి, వేడిగాలి తగిలించి, మళ్ళీ నానబెట్టి, చివరకు కుట్టుమిషను నూనె వేస్తూ చక్రాన్ని అటూ ఇటూ వేలెడంత మాత్రమే కదుపుతూ నాలుగు రోజులు గడిపారట. సూది కింది పలకను విప్పినప్పుడు, గుడ్డను వెనక్కి లాగే పళ్ళ మధ్య నూనెతో కలిసి గట్టిపడిన నూలుపొట్టు అట్టలాగా ఊడి వచ్చింది. దానిలో ఒక ఎర్ర దారపు ముక్క ఇరుక్కుని ఉంది. వారు దానిని పారవేయకుండా చిన్న కాగితపు పొట్లంలో కట్టి మిషనుతో పాటు పంపారు. అమ్మ ఆ పొట్లం విప్పి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నల్లటి ఎనామెల్ పూత మీద లతల్లా అల్లుకున్న బంగారు రంగు తీగల విషయంలోనూ వారి జాగ్రత్త మెచ్చుకోదగినదే. ఆ తీగలు చేత్తో వేసిన చిత్రాలు కావు. స్టిక్కర్లలా అతికించిన పలుచని అచ్చు బొమ్మలు. వాటికి రక్షణగా పైన లక్క పూత ఉంటుంది. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, దానితో పాటు బంగారు రంగు కూడా చెడుతుంది. ఘాటైన క్లీనర్లతో తుడిచిన మిషన్ల మీద ఆ తీగలు వెండిరంగుకు తిరగడం చాలామంది గమనించే ఉంటారు. వీరు మెత్తని నూలుగుడ్డకు కుట్టుమిషను నూనె అద్ది, ఒక్కొక్క అంగుళం చొప్పున తుడిచారు. కుట్టేటప్పుడు గుడ్డ ఒరుసుకునే ముందు అంచున తీగలు పూర్తిగా చెరిగిపోయి ఉన్నాయి. అక్కడ కొత్త అచ్చులు అతికిస్తామన్నారు కానీ నేను వద్దన్నాను, వారు మళ్ళీ ఒత్తిడి చేయలేదు. ఆ చెరిగిన చోటు మూడు తరాల చేతుల గుర్తు కదా.

పోత ఇనుప స్టాండు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తుప్పును తీగ బ్రష్షుతో తీసి, మెరుపు లేని నల్లరంగు వేశారు. పెడలు చప్పుడు లేకుండా ఆడుతోంది. తెగిపోయిన తోలు బెల్టు స్థానంలో కొత్త తోలు బెల్టే వేశారు.

నా ఫిర్యాదంతా చెక్కబల్ల గురించి. బల్ల ముందు అంచున అమ్మమ్మ చాకుతో గీసుకున్న కొలత గీతలు ఉండేవి. టేపు కోసం వెతుక్కోకుండా గుడ్డను ఆ గీతల మీద పరిచి కొలిచేది. చెక్కను బాగుచేయమన్నాను కానీ, ఆ గీతలను ఉంచమని విడిగా చెప్పలేదు. వారు కూడా ఇసుక కాగితం పట్టే ముందు ఒక్క మాట అడగలేదు. బంగారు తీగల దగ్గర అంత వివేకం చూపినవారు చెక్క దగ్గరకు వచ్చేసరికి పాతదనమంతా మరకే అన్నట్లు గీకి, పైన అద్దంలా మెరిసే పాలిష్ పట్టించారు. బల్ల కొత్తదానిలా ఉంది; నాకు కావలసింది అది కాదు. ఫోన్ చేసి చెప్పినప్పుడు మర్యాదగానే క్షమాపణ చెప్పి, మెరుపు తగ్గించి ఇస్తామన్నారు. గీతలను మాత్రం ఎవరు తిరిగి తేగలరు?

కనుక ఇలాంటి పనికి ఇచ్చేవారు ముందుగా మిషనును నాలుగు వైపులా ఫోటోలు తీసి, ముట్టుకోకూడని ప్రతి గుర్తు చుట్టూ సుద్దతో గీసి, కాగితం మీద రాయించుకుని ఇవ్వవలసిందిగా నా మనవి. హెడ్డు పని ఉంటే నేను మళ్ళీ వీరి దగ్గరకే వెళతాను. చెక్కను మాత్రం విప్పుకుని ఇంట్లోనే ఉంచుకుంటాను.

మిషను ఇప్పుడు తేమ తగలని లోపలి గోడ పక్కన, నేరుగా ఎండ పడని చోట ఉంది. నెలకొకసారి రెండు చుక్కల నూనె వేసి అమ్మే చక్రం తిప్పుతోంది. చిన్నపిల్లలు వచ్చిన రోజుల్లో వేళ్ళు ఇరుక్కోకుండా బెల్టును చక్రం మీద నుంచి తప్పించి ఉంచుతున్నాము.