మెక్సికో సిటీ పాతబస్తీ: సోమవారం తప్ప ఎప్పుడైనా

నా మార్కులు ఐదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ శాకాహారుల తరఫున.

ముందు ఎత్తు సంగతి. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ 1672 మీటర్లు. ఈ మహానగరం 2240 మీటర్ల మీద ఉంది. బరంపురం, గోపాలపురం గాలికి అలవాటుపడ్డవాళ్లకి మెట్లెక్కితే ఆయాసం తప్పదు. విమానం దిగిన రోజు వదిలేసి మర్నాడు తిరగండి. కుళాయి నీళ్లు తాగొద్దు.

అమెరికాలో పిల్లల దగ్గరున్నవాళ్లకి అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. తిరిగి అమెరికాలోకి రానిస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

మెట్రో 2వ లైనులో జొకాలో స్టేషన్ దిగితే పాతబస్తీ నడిమి పెద్ద మైదానంలోనే తేలతారు. ఛార్జీ 5 పెసోలు. సభలు, ఊరేగింపులు ఉంటే ఆ స్టేషన్ మూసేస్తారు. అప్పుడు అయెందే గానీ పీనో సువారెస్ గానీ దిగి నడవాలి.

తెంప్లో మయోర్ అంటే అజ్తెకుల పెద్ద గుడి శిథిలాలు. తెరిచేది ఉదయం 9కి, సోమవారం సెలవు. 1978లో కరెంటు పనివాళ్లు గొయ్యి తవ్వుతుంటే గుండ్రటి రాతిఫలకం తగిలింది. అడ్డంగా మూడు మీటర్ల పైనే. కాళ్లూ చేతులూ తెగిపడిన కొయొల్షౌకీ దేవత బొమ్మ అది. దగ్గర నిలబడితే బొమ్మ అంతుపట్టదు, మ్యూజియం పై అంతస్తు నుంచి తొంగిచూడండి.

పక్కనే కెథడ్రల్. 1573లో మొదలెడితే 1813కి పూర్తయింది. ఊరంతా పాత చెరువు బంకమన్ను మీద ఉంది. అడుగున నీళ్లు తోడేకొద్దీ నేల కుంగుతోంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. లోపల గోపురం నుంచి తాపీమేస్త్రి తూకంగుండు లాంటిది వేలాడుతుంది. గుడి ఎటు ఒరిగిందో దాని కింద గుర్తులు చెబుతాయి. చాలామంది బంగారు పూత చూసి దీన్ని దాటిపోతారు.

బరంపురం బడాబజారు తెలిసినవాళ్లకి వీధులు ఇట్టే పట్టుబడతాయి: దొన్సెలెస్ పాత పుస్తకాలది, రెపుబ్లికా దె చీలె పెళ్లి గౌన్లది. జేబు జాగ్రత్త.

తిండికి త్లకోయో అడగండి. నీలి మొక్కజొన్న ముద్దలో చిక్కుడు గింజల పేస్టు కూరి, కోలగా ఒత్తి, పెనం మీద కాలుస్తారు. పైన నాగజెముడు ముక్కలు వేస్తారు (అవునండి, అదే, ముళ్లు చెక్కి). పంది కొవ్వు చిక్కుడులోకే కాదు, పిండిలోకీ వస్తుంది, అందుకే ‘సిన్ మాంతెకా’ అనాలి. ఉత్త ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అంటే కోడి వచ్చే ప్రమాదముంది, ‘ని పోయో’ (కోడీ వద్దు) కూడా చేర్చండి. ఇక్కడ కెసాదియాలో (లోపల కూర పెట్టి మడిచిన రొట్టె) చీజ్ ఉండితీరాలని లేదు, ‘కోన్ కేసో’ అని అడిగి వేయించుకోవాలి. పచ్చ చట్నీ చప్పగా ఉంటుందని నమ్మొద్దు.

పైనుంచి ఊరు చూసే లాటినోఅమెరికానా టవర్ టికెట్ మానేసినా నష్టం లేదు. బెయాస్ ఆర్తెస్ కళాభవనం ఎదుట సియర్స్ దుకాణం ఎనిమిదో అంతస్తులో కాఫీ తాగుతూ ఆ నారింజ, పసుపు గోపురాలు చూడొచ్చు. అంచు బల్లలు కొన్నే, క్యూ ఉంటుంది.