లోడు బండి, తడి గడ్డి, మెత్తటి ఇసుక: ఎస్‌యూవీ యాత్రలో చక్రం జారే చోట్లు

కుటుంబాలు వాడే ఎస్‌యూవీల్లో చాలావాటికి ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. బండి ఎంత ఎత్తుగా, దిట్టంగా కనబడినా తడి ఎత్తు మీద మామూలు కారులాగే జారుతుంది. మూడో వరుసలో మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే బరువు వెనక్కి పోతుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంకాస్త పోతుంది. ముందు చక్రాలు తేలికై ఉన్నచోటే తిరుగుతాయి. బరువైన పెట్టెలు రెండో వరుస సీటు వీపుకు ఆనించి కింద సర్దండి. పైన క్యారియర్ మీద తేలిక సామానే ఉండాలి.

దారుల్లో ఘాట్ రోడ్డే కొంత నయం. తారు గరుకుగా ఉన్నంతవరకు వానలోనూ టైరు పట్టు నిలుస్తుంది. భయపడాల్సింది మలుపుల్లో పేరుకున్న మట్టి, ఆకులు, డీజిల్ మరకల దగ్గర. ట్రెడ్ (టైరు మీది గాడులు) లోతు 1.6 మి.మీ. వరకు చాలా దేశాల చట్టాలు ఒప్పుకుంటాయి. వానల్లో కుటుంబంతో వెళ్లేటప్పుడు మాత్రం 3 మి.మీ. కన్నా తగ్గిన టైర్లను నమ్మకూడదు.

బస ఎంచుకునేటప్పుడు గదుల ఫొటోల కన్నా చివరి రెండు వందల మీటర్ల దారి గురించి ముందు అడగాలి. తారా, కంకరా, మట్టా? ఎత్తు మధ్యలో ఆగి మలుపు తిప్పాలా? ఫొటోలో అందంగా కనిపించే పచ్చిక పార్కింగ్ రాత్రి వాన పడితే అన్నిటికన్నా చెడ్డది. టైరు గాడుల్లో గడ్డీ బురదా ఇరుక్కుని ట్రెడ్ ఉన్నా లేనట్టే అవుతుంది. నాచు పట్టిన సిమెంటు పలకలూ అంతే. కంకర పరిచిన సమతల జాగా ఉన్న బసకే మొదటి ఓటు. వాలు తప్పకపోతే బండి ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపండి, పొద్దున దిగువకే కదలొచ్చు. ముందు చక్రాల బండి ఎత్తు ఎక్కనని మొరాయిస్తే, జాగా ఉన్నచోట రివర్సులో ఎక్కించి చూడండి. అప్పుడు బరువు ముందు చక్రాల మీదే పడుతుంది.

తీరం పక్క బసలకు వెళ్తే గాలి కొట్టే చిన్న కంప్రెసరు, గేజీ వెంట ఉండాల్సిందే. మెత్తటి ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా దించితే టైరు నేలను ఎక్కువ మేర తాకుతుంది. ఆ గాలితో వేగంగా పోయినా, ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పినా టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చు. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను శక్తిని కోసేస్తుంది కాబట్టి ఇసుకలో ఆపేయండి. తారు ఎక్కే ముందు దాన్ని మళ్లీ ఆన్ చేసి, గాలి పూర్తిగా నింపండి. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకండి, ప్రతి తిప్పుకీ గొయ్యి లోతవుతుంది. దిగి చక్రాల ముందు ఇసుక తోడి, చక్రానికి పట్టునిచ్చే చాపలు వేసి, నిదానంగా కదిలించండి. చాప ఎగిరి తగలొచ్చు, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ బండిలో చక్రాలు ఎక్కువసేపు తిరిగితే, వెనక చక్రాలకు శక్తి అందించే కప్లింగ్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి విడిపోతుంది. హెచ్చరిక వస్తే ఆపి చల్లారనివ్వండి. అది చెడిపోయినట్టు కాదు.

ఇక ఎండిన మంచి రోడ్డు మీద కూడా జారుతున్నట్టు అనిపిస్తే నేలను తప్పుపట్టడం ఆపి బండిని చూడాలి. ఇంజను ఆర్‌పీఎం పెరిగి, స్పీడోమీటర్ కదలకపోతే చక్రం జారట్లేదు, క్లచ్చో గేరుబాక్సో జారుతోంది. స్పీడోమీటర్ ఎగబాకి బండి మాత్రం కదలకపోతే జారేది చక్రమే. ట్రాక్షన్ దీపం మిణుకుమిణుకుమంటే వ్యవస్థ పనిచేస్తున్నట్టు. ఆగకుండా వెలుగుతూ ఉంటే ఎవరో స్విచ్చి ఆపారు, లేదా లోపం ఉంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) దీపం కూడా జత కలిస్తే ముందు అనుమానం చక్రం వేగాన్ని చదివే సెన్సర్ మీద. బురద, తెగిన వైరు, సెన్సర్ చదివే రింగుకు పట్టిన తుప్పు, పాడైన బేరింగ్, ఏదైనా కారణం కావచ్చు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి 20-30 కి.మీ. వేగంలో నాలుగు చక్రాల వేగపు అంకెలూ పక్కపక్కన చూస్తే మిగతావాటితో కలవనిది వెంటనే తెలుస్తుంది. ఇంజను కోడ్‌లు మాత్రమే చదివే చౌక స్కానర్‌తో ఇది కుదరదు. సెన్సర్ కొత్తది వేసినా దీపం పోకపోతే బేరింగ్ అమర్చిన తీరు చూడండి. సెన్సర్ చదివే అయస్కాంత పూత బేరింగ్ మీదే ఉంటే, ఆ వైపు సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే సిగ్నలే రాదు.

దారిలో దొరికే సేవల్లో పంక్చరు దుకాణం గాలికి, రంధ్రానికి చాలు. ఎలైన్‌మెంట్ కేంద్రంలో పని చేయించాక స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే యాంగిల్ సెన్సర్ సున్నాకు సరిచేశారా అని అడగండి. అది వదిలేస్తే, బండి పక్కకు జారకుండా చూసే స్థిరత్వ నియంత్రణ దీపం వెలగొచ్చు. ఆల్ వీల్ డ్రైవ్‌కు ఒక్క కొత్త టైరు అమ్మబోతే ఒప్పుకోవద్దు. మిగతా మూడూ బాగా అరిగి ఉంటే చుట్టుకొలత తేడా కప్లింగ్‌ను నిరంతరం వేడెక్కిస్తుంది. తయారీదారు చెప్పిన హద్దు దాటితే నాలుగూ మార్చాల్సిందే. చక్రం విప్పిన ఏ చోటైనా నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించాలి, 50 నుంచి 100 కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి. ఏబీఎస్ దీపంతోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే బండి నడపకండి. లాగే బండికే ఫోను చేయండి.