పిగ్‌వార్ ఉన్న రాత్రికే గది తీసుకోండి

ముల్లుతో కాల్చిన పిగ్‌వార్ చేప బల్ల మీదికి వచ్చే రాత్రి ఈ క్రో, అంటే డెన్మార్క్ పాతకాలపు భోజన వసతి గృహం, మనం పెట్టిన ప్రతి క్రోనరుకూ న్యాయం చేస్తుంది. రాని రాత్రి ఇది ఖరీదైన పాత ఇల్లు, అంతే.

డెన్మార్క్‌లోని జట్లాండ్ పడమటి తీరం, ఇసుక దిబ్బల వెనక రెల్లుకప్పు ఇల్లు. దీని మీద ఇదివరకే ఒక సమీక్ష రాశాం, గదికి ఐదు నక్షత్రాలు ఇచ్చాం. ఐదేళ్ళలో ఏడు బసలయ్యాక మళ్ళీ రాస్తున్న మాట ఇది. రెండు వందల ఏళ్ళ పైబడిన ఇల్లే గానీ, ఫానో దీవిలో 1722 నాటి సోనర్‌హో క్రో ముందు కుర్రదే. పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే లోపం విందులు ఒప్పుకునే ఏ క్రోలోనైనా ఎదురవ్వచ్చు, ఒక్కరి నెత్తిన రుద్దడం ఎందుకు?

పిగ్‌వార్ అంటే ఇంగ్లీషువాళ్ళ టర్బట్. బల్లపరుపు చేప, రెండు కళ్ళూ ఎడమవైపే. పైచర్మానికి పొలుసులుండవు, గట్టి బుడిపెలుంటాయి. పేరులోని ‘పిగ్’ ఆ ముళ్ళ గురించే. దీని దగ్గరి చుట్టం స్లెత్‌వార్. చర్మం నున్నగా ఉంటుంది, కండ పలచన, ధర తక్కువ. కోసేముందు చేపను పళ్ళెంలో తెచ్చి చూపిస్తారు కాబట్టి బుడిపెలు ఉన్నాయో లేవో ఒక చూపు వేస్తే చాలు.

మన రేవుల్లో చేప కొనేవాళ్ళు మొప్పలు ఎత్తి చూస్తారు, ఇంకా కొట్టుకుంటుంటే మరీ సంతోషిస్తారు. ఇక్కడ తీరు వేరు. హన్‌స్ట్‌హోల్మ్ రేవు వేలంలో కొన్న చేపను రెండు మూడు రోజులు మంచులో ఉంచాకే వండుతారు. పెద్ద పిగ్‌వార్ చచ్చిన మొదటి రోజు కండ బిగుసుకుపోయి ఉంటుంది. అలాగే పొయ్యెక్కిస్తే ముడుచుకుని రబ్బరులా సాగుతుంది. అయితే పడవలోనే రక్తం కార్చి, పొట్ట తీసి, సున్నా డిగ్రీల దగ్గర ఉంచిన చేపకే ఈ ఆగడం పనికొస్తుంది. నీచువాసన వచ్చిందంటే తప్పు రోజులది కాదు, శుభ్రం చేసినవాళ్ళది.

నలుగురికి రెండు కిలోల చేప సరిపోతుంది. తల, ముల్లు, చర్మం పోగా తినే కండ సగం కంటే తక్కువే మిగులుతుంది. ఇరవై నిమిషాల ముందు ఉప్పు రాసి, 200 డిగ్రీల ఓవెన్‌లో పాతిక నిమిషాలకు అటూ ఇటూ. వెన్నుముల్లు పక్కన, అన్నిటికంటే మందంగా ఉన్నచోట థర్మామీటరు సూది గుచ్చితే 48 డిగ్రీలు చూపించాలి. అప్పుడు తీసి పది నిమిషాలు పక్కన పెడతారు. లోపలి వేడి తనంతట తానే 52, 53కి ఎక్కుతుంది. అప్పుడు చెంచా వెనకవైపుతో నొక్కితే కండ ముల్లు నుంచి పెద్ద పెద్ద రేకులుగా జారుతుంది. చర్మం కింద జిగురు కరిగి పెదవులకు అంటుకుంటుంది. రెక్కల అంచున ముళ్ళ మధ్య ఇరుక్కున్న సన్నటి కండని చాలామంది పళ్ళెంలోనే వదిలేస్తారు. రుచంతా అక్కడుంది, చేత్తో తీసుకుని చీకండి, ఎవరూ ఏమీ అనుకోరు. పైన గోధుమరంగు దాకా కాచిన వెన్న, అప్పటికప్పుడు తురిమిన హార్స్‌రాడిష్ దుంప, పక్కన ఉడికించిన చిన్న బంగాళాదుంపలు. ఉప్పు మన నాలుకకు ఒక చిటికెడు తక్కువ, కారం ప్రస్తావనే లేదు. హార్స్‌రాడిష్ ముక్కులోకి ఆవఘాటులా ఎక్కుతుంది కనుక లోటు సగం తీరుతుంది.

ఇంత పొగిడాక చెప్పాల్సింది నాలుగో బస సంగతి. మే నెల, శనివారం. మెనూలో పిగ్‌వార్ అనే ఉంది. వచ్చింది మాత్రం ముల్లు తీసిన ముక్క, అరచేతిలో సగం. పక్కల నుంచి తెల్లటి విరుగుడు పూసలు కారి ఉన్నాయి, ఫోర్కు పెడితే పొడిగా పెళుసుగా విరిగింది. ఆ తెల్లది మసాలా కాదు, సాస్ కాదు. వేడి ఎక్కువై కండలోంచి పిండుకొచ్చిన మాంసకృత్తి. కారణం ఆ రాత్రి పెద్ద హాల్లో జరుగుతున్న రజతోత్సవ విందు. పెళ్ళయి పాతికేళ్ళు నిండిన జంటలు బంధువులందరినీ క్రోకి పిలవడం డేనిష్ ఆనవాయితీ. వసంతంలో పిల్లల కన్‌ఫర్మేషన్ (చర్చిలో మతవిశ్వాసాన్ని ధ్రువీకరించే వేడుక) విందులు దానికి తోడు. డెబ్భై పళ్ళేలు ఒకేసారి వెళ్ళాలంటే ఏ వంటగదీ చేపను బల్ల దగ్గర కోస్తూ కూర్చోదు. ముందే ముక్కలు కోసి, పెనం మీద వేసి, పళ్ళేలను వేడిగా ఉంచే దీపాల కింద వరుసగా పేరుస్తుంది. ముల్లు లేని పలచని ముక్కకు వేడిని ఆపే అడ్డు ఉండదు. పెనం మీద 50 దగ్గర తీసినా దీపం కింద ఐదారు నిమిషాల్లో 60 దాటిపోతుంది. విందు లేని బల్లలకూ అదే వరుసలోంచి వచ్చింది. ధర మాత్రం మామూలు రాత్రిదే. అడిగితే మర్యాదగా క్షమాపణ చెప్పి, చివర్లో జున్ను ఉచితంగా ఇచ్చారు. జున్నుతో తీరే కోపం కాదది.

అప్పట్నుంచి బుక్ చేసే ముందు ఫోనులో మూడే ప్రశ్నలు. ఆ రాత్రి ‘సెల్‌స్కాబ్’, అంటే విందు, ఉందా? చేప ‘పో బేన్’, అంటే ముల్లుతోనే, కాలుస్తారా? బల్ల దగ్గర కోస్తారా? మొదటి దానికి అవునంటే మిగతా రెండూ అడగక్కర్లేదు, తేదీ మార్చుకోవడమే. మంగళ, బుధ, గురువారాలు నిక్షేపంగా దొరుకుతాయి. కాలం కూడా చూసుకోవాలి. ఉత్తర సముద్రపు పిగ్‌వార్ ఎండాకాలంలో గుడ్లు పెడుతుంది, ఆ రోజుల్లో కండ వదులుగా ఉంటుంది. శరదృతువుకి మళ్ళీ కోలుకుంటుంది. వేసవిలో వెళ్ళక తప్పనివాళ్ళు రోడ్‌స్పేట్ అడగడం మేలు. చర్మం మీద నారింజ చుక్కలుండే చేప. అది గుడ్లు పెట్టేది చలికాలంలో కనుక జూన్ నాటికి బాగా కండపడుతుంది. రై పిండి అద్ది వెన్నలో వేయిస్తారు. వేయించిన ఈల్ (పాములాంటి చేప) తిన్నాక ముళ్ళను పళ్ళెం అంచు చుట్టూ పేర్చడం పాత క్రోల సరదా. ఐరోపా ఈల్ అంతరించే దశకు చేరడంతో చాలాచోట్ల మానేశారు, ఇక్కడా లేదు. మంచిదే.

శాకాహారులకు వేరే మెనూ ఉంది, ధరలో తేడా లేదు. ఉప్పులో పెట్టి కాల్చిన సెలెరీ దుంప నిజంగా బాగుంటుంది. కానీ ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే చాలదు. వెజిటేరియన్లు చేప తింటారు కదా అనుకునే వంటవాళ్ళు ఉన్నారు. సాస్‌లో ‘ఫాండ్’ అనే ఎముకల రసం, పుడ్డింగులో ‘హుస్‌బ్లాస్’ అనే జెలటిన్ దూరతాయి. కనీసం రెండు రోజుల ముందు ఈమెయిల్‌లో మాంసం వద్దు, చేప వద్దు, రొయ్య ఆల్చిప్పలు వద్దు, ‘ఫాండ్’ వద్దు, ‘హుస్‌బ్లాస్’ వద్దు అని విడివిడిగా రాయాలి. గుడ్డు సంగతి వేరే వాక్యంలో. ఎముకల రసం మధ్యాహ్నానికల్లా సాస్‌లో కలిసిపోయి ఉంటుంది. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వంటవాడు చేయగలిగింది సాస్ తీసేయడమే.

గది విషయం. ఒకప్పుడు రాజముద్ర ఉన్న క్రోలు సొంతంగా బీరు కాచుకునేవి, సారా తీసేవి. ఇప్పుడు ఒక్కో వంటకానికి ఒక్కో వైన్ పోస్తారు. డెన్మార్క్‌లో బండి నడిపేవారి రక్తంలో మద్యం 0.5 పర్ మిల్ (వెయ్యింట అర వంతు) దాటకూడదు, రాత్రి పదికి బస్సు ఉండదు. అందుకని గది. మొదటి సమీక్షలో గదికి ఐదు నక్షత్రాలు ఇచ్చిన మాట నిజమే. అది నేలంతస్తు గది. మేడమీదివి వేరే లెక్క: మెట్లు నిచ్చెనంత నిటారు, లిఫ్టు లేదు, ద్వారబంధం కింద అయిదున్నర అడుగుల వాళ్ళు కూడా తల వంచాలి. రెల్లుకప్పు ఇల్లు కావడంతో వరండాలో బరువైన అగ్నితలుపులు పెట్టారు, అవి వాటంతటవే దడాల్న మూసుకుంటాయి. రాత్రి పన్నెండు దాకా ఆ చప్పుడే. వంటగది పైనున్న గదైతే పొగగొట్టం ఫ్యాను అదనం.

చలికాలంలో రేడియేటర్ మర 5కి తిప్పినంత మాత్రాన గది తొందరగా వేడెక్కదు. ఆ అంకె వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. 3 అంటే సుమారు 20 డిగ్రీలు. కిటికీ తెరిచి మర అలాగే వదిలేస్తే చల్లగాలి దాని తల మీద పడి, గది గడ్డకట్టిందనుకుని రాత్రంతా పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. గాలి కావాలంటే ముందు మర కట్టి, పది నిమిషాలు కిటికీ బార్లా తీసి, మూసేయాలి. కిటికీ కొక్కెం తప్పకుండా తగిలించండి, పడమటిగాలి రెక్కను గోడకేసి కొడుతుంది.

పొద్దున ఫలహారంలో రై రొట్టె, దిబ్బల మీది గులాబీకాయల జామ్ అదే పాత రుచి. వేడి రొట్టెలు మాత్రం తొమ్మిది దాటితే చల్లారి ఉంటున్నాయి, ఇదివరకు ఇలా ఉండేది కాదు.

చేప తినేవాళ్ళం, కారు ఉంది, వెంట చిన్నపిల్లలు లేరు. కాబట్టి అక్టోబరులో ఒక బుధవారానికి మళ్ళీ వెళ్ళడానికి మాకు అడ్డేమీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అయితే నేలంతస్తు దొరికితేనే. ఏడు వంటకాల భోజనం ఆరున్నరకు మొదలై పది దాటుతుంది, పిల్లలకు నరకం. జూన్‌లో పొద్దు గుంకేది కూడా పదింబావుకి. ‘కాఫీ తర్వాత తాగుతాం’ అంటే తువ్వాలు మడిచిపెట్టి, బల్ల అలాగే ఉంచుతారు. దిబ్బ దాటి వెళ్ళి సూర్యాస్తమయం చూసి రావచ్చు.

ఇంకొకటి, తల. డేనులు మామూలుగా తల తినరు, కోయగానే లోపలికి వెళ్ళి రసం కుండలో పడుతుంది. చేపను చూపించడానికి తెచ్చినప్పుడే తల కూడా కావాలని చెప్పాలి, కోశాక అడిగితే ఆలస్యమైనట్టే. చెంపల్లో రూపాయి బిళ్ళంత కండలు రెండు దొరుకుతాయి. దానికి అదనంగా డబ్బు వేయలేదు.